ఫోనుకు హాల్ టికెట్

మా అక్క పోయిన రోజు నా ఫోను మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు ఆగిపోయింది. అక్క మూడు గంటల నలభై నిమిషాలకు పోయింది. మొదటి విషయం మీద మా శాఖ నాకు నాలుగు మెమోలు ఇచ్చింది. రెండో విషయానికి ఆ మెమోల్లో కాలమ్ లేదు.

జరిగింది క్లుప్తంగా చెబుతాను. అక్క పదకొండు రోజులుగా జిల్లా కేంద్రంలోని ఆసుపత్రిలో ఉంది. సోమవారం ఇంటికి పంపిస్తామని డాక్టరు శుక్రవారం చెప్పాడు. అందుకని శనివారం నేను బడికి వెళ్ళాను. ఆ మధ్యాహ్నం రెండుంబావుకి అక్క, తమ్ముడితో మాట్లాడతానని అడిగింది. మా బావ ఆదిశేషయ్య తన ఫోనులోంచి నాలుగుసార్లు చేశాడు. నాలుగుసార్లూ స్విచాఫ్ అని వచ్చింది. సాయంత్రం నేను ఇంటికి వచ్చి చార్జరు పెట్టాక, అయిదుంబావుకి, నాకు తెలిసింది.

అమ్మా నాన్నా లేని నన్ను పెంచింది అక్కా బావలే. ఇప్పటికీ వాళ్ళ ఇంటి మేడ మీదే ఉంటాను. భోజనం కింద. పరామర్శకు వచ్చిన బంధువులందరూ బావను అడిగింది ఒక్కటే.

"ఆఖరికి తమ్ముడితో మాట్లాడిందా?"

బావ ఆర్టీసీలో ముప్పై ఏళ్ళు బస్సు నడిపాడు. ఎవరినీ అదిలించే అలవాటు లేదు. "వాడి ఫోను పాతది. బ్యాటరీ నిలవదు. వాడేం చేస్తాడు?" అని వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పాడు. నేను పక్కనే కూర్చుని విన్నాను. నా ఫోను కొని రెండేళ్ళే అయింది. ఆ ఉదయం నూరు శాతం చూసుకునే బయల్దేరాను.

బావ నా కోసం చెప్పిన ఆ మాట నిజమైతే బాగుండునని నాకు ఉండేది. అది నిజమో కాదో తేల్చే పనిని అనుకోకుండా మా శాఖ తన భుజాల మీద వేసుకుంది.

పెద్దకర్మ అయిన మర్నాడు బడికి వెళ్ళేసరికి మొదటి మెమో నా కోసం బల్ల మీద ఉంది. మా హాజరు ఉదయమూ సాయంత్రమూ ఎవరి ఫోనుకు వాళ్ళు మొహం చూపించి వేయాలి.

"పై తేదీన తాము ఉదయము ముఖహాజరు నమోదు చేసి, సాయంత్రము నిష్క్రమణ ముఖహాజరు నమోదు చేయనందున, తాము పాఠశాల నుండి నిష్క్రమించలేదని భావించబడుచున్నది. నేటి వరకు పాఠశాలలోనే ఉన్నచో అందుకు ముందస్తు అనుమతి పొందితిరా? పొందనియెడల, మధ్యాహ్నము నుండి అనధికార గైర్హాజరుగా ఎందుకు పరిగణించరాదో ఏడు దినములలో సంజాయిషీ సమర్పించవలెను."

మా హెడ్మాస్టరు జాన్ సుందరం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఫోను ఆగిపోయిందని రాయండి మాస్టారూ. నిజమేగా?"

"నిజమే సార్."

"నిజం రాస్తే సరిపోతుందని నేననను. కానీ ముందు అదే రాయండి."

నేను తెలుగు మాస్టారిని. ఒక్క వాక్యం చాలనిపించింది. "ఆ రోజు మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు నా ఫోను బ్యాటరీ అయిపోయింది" అని రాసి సంతకం పెట్టాను. ఇబ్బంది ఏమిటంటే, ఆ నెలలో మా జిల్లాలో నాతో కలిపి రెండు వందల పద్నాలుగు మంది ఉపాధ్యాయులు దాదాపు అదే వాక్యం రాశారు. ఆ సంజాయిషీలన్నీ ఉప విద్యాధికారిణి హైమవతి గారి బల్ల మీదికి చేరాయి. ఆమె ముప్పై ఏళ్ళు పబ్లిక్ పరీక్షలు నడిపిన మనిషి. ఒకే జవాబు రెండు వందల పద్నాలుగు పేపర్లలో కనబడితే దాన్ని ఏమంటారో ఆమెకు తెలుసు. ఫైలు మీద ఎర్రసిరాతో "మాస్ కాపీయింగ్" అని రాశారు.

పది రోజుల్లో సర్క్యులర్ వచ్చింది. ఇకపై బ్యాటరీ అయిపోయిందన్న కారణాన్ని, ఆ బ్యాటరీ ఆయుష్షు సాధారణంగా లేదని రుజువైతేనే అంగీకరిస్తారు. సాధారణంగా ఉన్న బ్యాటరీ గనక అయిపోతే, సదరు ఉపాధ్యాయుడే దాన్ని ఉద్దేశపూర్వకంగా అయిపోనిచ్చినట్లు భావిస్తారు.

స్టాఫ్ రూములో దాన్ని పైకి చదివాం. లెక్కల మాస్టారు మస్తాన్‌వలి చేయెత్తారు. ఆయనకు పిల్లల్లాగా చేయెత్తి మాట్లాడే అలవాటు.

"సాధారణం అంటే ఏందో ఇందులో రాయలేదే సార్?"

"అది రెండో సర్క్యులర్‌లో వస్తుంది" అన్నారు హెడ్మాస్టరు.

"మరి రుజువు ఎప్పటికి ఇవ్వాలి?"

"ఈ శుక్రవారానికి."

బస్టాండు దగ్గర సెల్‌షాపుకు వెళ్ళాను. షాపాయన ఫోనుకు ఏదో తీగ తగిలించి చూశాడు.

"ఎనభై నాలుగు శాతం ఆరోగ్యం ఉంది సార్."

"అంటే మామూలేనా?"

"రెండేళ్ళ ఫోనుకి మామూలే. మాటలకైతే రోజున్నర వస్తది. మీ స్కూలు యాప్‌లకైతే ఏ ఫోనైనా మధ్యాహ్నం దాకానే. ఏమని రాయమంటారు? నిన్న ఇద్దరు మాస్టార్లు బాలేదని రాయించుకున్నారు. ఒకాయన బాగుందని రాయించుకున్నాడు."

"ఉన్నదున్నట్టు రాయండి."

"ఉన్నదున్నట్టు అంటే ఇప్పుడు చెప్పిందే సార్. అది ఒక ముక్కలో రాయడం నాకు రాదు."

అయినా రెండు ముక్కల్లో రాసి ముద్ర వేసి ఇచ్చాడు. ఆ కాగితం రెండో మెమోతో తిరిగి వచ్చింది. ధ్రువీకరించిన వ్యక్తి గెజిటెడ్ అధికారి కానందున తిరస్కరించారు.

మా శాఖ వాళ్ళను మినహాయిస్తే, మా మండలంలో పిలిస్తే పలికే గెజిటెడ్ అధికారి పశువైద్యుడు ఒక్కరే. మస్తాన్‌వలి గారు తన ఫోను తీసుకుని ఆయన దగ్గరికి వెళ్ళారు. పశువైద్యుడు మంచి మనిషి. ఫోనును అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ ఫోను నాకు రెండు సంవత్సరములుగా తెలియును. దీని నడవడిక సంతృప్తికరము" అని తనకు అలవాటైన మాటల్లో రాసి సంతకం చేశారు. అది కూడా తిరిగి వచ్చింది. నడవడికకూ ఆయుష్షుకూ సంబంధం లేదన్నారు. ఈసారి మాత్రం శాఖ అన్నది సబబుగానే ఉంది.

ఆ తరవాత కమిటీ వేశారు. అయిదుగురు సభ్యులు. అందులో ఒక డ్రిల్లు మాస్టారు, ఒక సంగీతం టీచరు, ముగ్గురు సూపరింటెండెంట్లు. భౌతికశాస్త్రం వాళ్ళను తీసుకోలేదు. వారికి బ్యాటరీల పట్ల ముందస్తు అభిప్రాయాలు ఉండే అవకాశం ఉందన్నారు. కమిటీ నాలుగుసార్లు కూర్చుని, ఏదైనా బాగుందో లేదో తెలుసుకోవడానికి మన శాఖకు తెలిసిన పద్ధతి ఒక్కటే ఉందని గుర్తించింది. పరీక్ష పెట్టడం.

ఆదేశాలు పదహారు పేజీలు వచ్చాయి. ప్రతి ఫోనుకూ హాల్ టికెట్. దాని మీద ఫోను ఫొటో, పుట్టిన తేదీ, మాధ్యమం, రెండు గుర్తింపు చిహ్నాలు. ఫొటో ఫోనుతోనే తీయాలి గనక మస్తాన్‌వలి గారూ నేనూ ఒకరి ఫోనుతో ఇంకొకరి ఫోనును తీసుకున్నాం. చిహ్నాల దగ్గర నేను "ఎడమ మూలన సన్నని గీత" అని ఒక్కటే రాశాను. రెండోది ఎందుకు లేదని మూడో మెమో వచ్చింది. ఫోనును దీపం కింద పెట్టి వెతికాను. వెనకవైపు పసుపు మరక ఉంది. అక్క అన్నం వడ్డిస్తూ, తడి చేత్తోనే నా జేబులోంచి ఫోను తీసి చార్జింగ్ పెట్టేది. "వెనుక భాగమున పసుపు మరక" అని రాసి పంపాను. ఆమోదించారు.

ఇంకొకటి కూడా ఉంది. అభ్యర్థి ఫలితం మీద యజమానికి స్వప్రయోజనం ఉంటుంది కాబట్టి, అభ్యర్థిని పరీక్షా కేంద్రానికి యజమాని కాని గార్డియన్ తీసుకురావాలి. బావను అడిగాను.

"నేనా? గార్డియనా?" అన్నాడు బావ. "నీ ప్రోగ్రెస్ రిపోర్టుల మీద సంతకాలు పెట్టి పెట్టి చెయ్యి పడిపోయిందిరా. ఇప్పుడు నీ ఫోనుకు కూడానా?"

"వస్తావా రావా చెప్పు బావా."

"వస్తాలే. పాసైతే మంచిదా, ఫెయిలైతే మంచిదా?"

"ఫెయిలైతేనే మంచిది."

"నీ చదువప్పుడు ఈ సౌకర్యం లేకపోయెనే" అని నవ్వాడు. అక్క పోయాక బావ నవ్వడం అదే మొదటిసారి. కాసేపటికి నెమ్మదిగా అన్నాడు. "ఫెయిలవుద్దిలే. పాత ఫోనేగా. కాయితం మీద రాసిస్తే ఇంక అడిగినవాళ్ళకి చూపిచ్చొచ్చు."

నేను హాల్ టికెట్ మడిచి జేబులో పెట్టుకున్నాను.

పరీక్ష మండల కేంద్రంలోని బాలికల ఉన్నత పాఠశాలలో. రెండు వందల గజాల లోపు చార్జర్లు అమ్మే దుకాణాలు మూసివేయించారు. గేటు దగ్గర కానిస్టేబులు ఫోన్లను తడిమి చూసి, కవర్లలో చీటీలేమీ లేవని నిర్ధారించుకుని లోపలికి పంపించాడు. బయట వేపచెట్టు కింద గార్డియన్లు గుంపులుగా నిలబడి, తమ అభ్యర్థి ఎంత బలహీనమో ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. "మాది పదకొండు దాటితే ఒట్టు" అని ఒకాయన. "మాది రెండుసార్లు నీళ్ళలో పడిందండీ, భగవంతుడి దయ" అని ఒకావిడ. ఒక ఇంగ్లీషు మాస్టారు మూడు రోజులుగా ఫోనును డాబా మీద ఎండబెట్టి తెచ్చారట. అందరూ ఆయన్ను కొంచెం అసూయగా చూశారు.

తొమ్మిదింటికి మొదటి గంట కొట్టారు. బెంచీకి ఒక ఫోను. పక్క బెంచీ ఫోనుతో బ్లూటూత్ కలవకుండా దూరం. నూరు శాతం చార్జింగ్ చూసి ఇన్విజిలేటర్లు సంతకం చేశారు. ప్రతి అరగంటకూ గంట కొట్టి, ఇంకెంత ఉందో చూసి పట్టికలో రాసుకున్నారు. యజమానులం కిటికీల బయట నిలబడ్డాం.

పదిన్నరకు మస్తాన్‌వలి గారి ఫోను మోగింది. ఇంటి నుంచి, కొత్తిమీర తెమ్మని.

"ఎవరది మాట్లాడేది?" అని ఇన్విజిలేటర్ బల్ల మీద కొట్టారు. ఫోను మోగుతూనే ఉంది. రెండోసారి కూడా హెచ్చరించి, మూడోసారి దాన్ని తీసుకెళ్ళి వరండాలో గోడకు ఆనించి నిలబెట్టారు.

"పాపం, ఎండలో పెట్టారు" అన్నాడు బావ.

"అదే కావాలి అన్నా, ఊరుకోండి" అన్నారు మస్తాన్‌వలి గారు.

పన్నెండింటికి ఫ్లయింగ్ స్క్వాడ్ వచ్చింది. ఆరో గదిలో ఒక ఫోను కింద పవర్ బ్యాంకు దొరికింది. ఆ గార్డియన్‌కు అసలు సంగతి ఎవరూ చెప్పలేదట. పాసవ్వాలి కాబోలనుకుని పెట్టాడు. ఫోనును రెండేళ్ళు డిబార్ చేశారు. దాని యజమాని స్క్వాడు వారికి చేతులు జోడించి దండం పెట్టి, ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు. రెండేళ్ళపాటు ఆ ఫోనులో ఎవరూ ఏ యాప్ తెరవడానికీ వీల్లేదు మరి.

సాయంత్రం నాలుగింటికి చివరి గంట కొట్టారు. అన్ని ఫోన్లూ బతికే ఉన్నాయి. వరండాలో నిలబెట్టినది కూడా. అన్నిటికన్నా తక్కువ వచ్చింది నా ఫోనుకే. తొంభై ఒకటి.

నూరు శాతం ఉత్తీర్ణత. మా జిల్లా చరిత్రలో ఏ పరీక్షకూ అది రాలేదు. కార్యాలయంలో రెండు రోజులు లడ్డూలు పంచారు. మూడో రోజున, అన్ని ఫోన్లూ భేషుగ్గా ఉంటే ఈ రెండు వందల పద్నాలుగు మందీ అబద్ధం చెప్పారా, లేక పేపరు లీకయిందా అని పై నుంచి ప్రశ్న వచ్చింది. హైమవతి గారు మా అందరినీ సమావేశపరిచారు. మస్తాన్‌వలి గారు చేయెత్తారు.

"మేడం, పరీక్షలో ఫోన్లు ఏ పనీ చెయ్యలేదు."

"పరీక్ష హాల్లో నిశ్శబ్దంగా కూర్చోవడమే కదండీ క్రమశిక్షణ?"

"ఊరికే కూర్చోమంటే నేనైనా సాయంత్రం దాకా నిలుస్తాను మేడం."

హైమవతి గారు కోప్పడలేదు. ఎవరైనా చెబితే వినని మనిషి కాదు ఆమె. ఒక్క నిమిషం ఆలోచించి, "అయితే థియరీ చాలదన్నమాట. ప్రాక్టికల్స్ కూడా పెట్టాలి" అన్నారు.

ప్రాక్టికల్స్‌కు జంబ్లింగ్. మా ఫోన్లు వేరే మండలానికి. అక్కడి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్లు ఒక ఉపాధ్యాయుడు రోజంతా ఫోనుతో చేసే పనులన్నీ చేయాలి. పద్నాలుగు యాప్‌లు. పిల్లల హాజరు, మన హాజరు, మరుగుదొడ్డి ఫొటో, చేతులు కడిగే ఫొటో, బూట్ల కొలతలు, గుడ్డు. కేంద్రానికి ఉడికించిన గుడ్లు ప్రత్యేకంగా తెప్పించారు. ఈసారి గార్డియన్లను లోపలే వెనక బెంచీలో కూర్చోనిచ్చారు.

నా ఫోను రాజ్యలక్ష్మి గారనే హిందీ టీచరుకు పడింది. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. ఆమె చకచకా పని చేసుకుపోయారు. పదకొండున్నరకు గుడ్డు దగ్గరికి వచ్చారు. పళ్ళెంలో గుడ్డు పెట్టి ఫొటో తీసి పంపారు. చిన్న చక్రం తిరిగింది. తిరిగి తిరిగి, "గుడ్డు స్పష్టముగా లేదు. మరల ప్రయత్నించండి" అని వచ్చింది. మళ్ళీ తీశారు. మళ్ళీ చక్రం. గుడ్డును కిటికీ వైపు జరిపారు. మళ్ళీ చక్రం.

గంట గడిచాక బావ ఉండబట్టలేక ముందుకు వంగాడు.

"ఇంతసేపూ ఏం చేస్తన్నావమ్మా?"

"గుడ్డు పంపిస్తున్నానండీ."

"పోవట్లేదా?"

"పోతుందండీ. ఒక్కోసారి ఇరవైసార్లు పంపాలి."

"పంపకపోతే ఏమవుద్ది?"

"పిల్లలకి గుడ్డు పెట్టలేదని పడుతుంది."

"పెట్టారుగా?"

"పెట్టాం. తిన్నారు కూడా. అది వేరే విషయమండీ."

ఫోను వేడెక్కింది. ఆమె దాన్ని చీర చెంగుతో పట్టుకుని పంపుతున్నారు. ముప్పై. ఇరవై రెండు. పదకొండు. బావ ఆ అంకెల్నే చూస్తున్నాడు. నేను బావను చూస్తున్నాను. రెండు కొట్టకముందే తెర నల్లబడింది. రాజ్యలక్ష్మి గారు పట్టికలో సున్నా వేసి, గుడ్డును జాగ్రత్తగా డబ్బాలో పెట్టేశారు. అది ప్రభుత్వ గుడ్డు.

బయటికి వచ్చాక ఇద్దరం మజ్జిగ బండి దగ్గర నిలబడ్డాం.

"రోజూ ఇదేనా?" అన్నాడు బావ.

"రోజూ ఇదే."

"అయిపోద్దని తెలిసీ పంపటమేనా?"

"పంపాలి బావా."

"ఆ రోజు కూడా..." అని, బావ గ్లాసు కేసి చూశాడు. "ఇందులో ఉప్పెక్కువైంది. నీదాంట్లో?"

"సరిపోయింది" అన్నాను.

బావ అడగకుండా వదిలేసిన ప్రశ్నకు జవాబు నాకు మొదటి నుంచీ తెలుసు. ఆ శనివారం అన్నాల గంట కొట్టేసరికి నా ఫోనులో ముప్పై ఎనిమిది శాతం ఉంది. అక్కడితో ఆపి జేబులో పెట్టుకుంటే సాయంత్రం దాకా నిలిచేది. అది మంచి ఫోనే. గుడ్డు పంతొమ్మిదిసార్లు పంపాను. ఇరవయ్యోసారి తెర మీద "విజయవంతం" అని వచ్చింది. వెంటనే ఫోను ఆగిపోయింది. పక్క కుర్చీలో మస్తాన్‌వలి గారు ఉన్నారు. ఆయన ఫోను అడిగి ఆసుపత్రికి ఒకసారి చేసి ఉండవచ్చు. సోమవారం పంపిస్తారు గదా అని అడగలేదు.

ప్రాక్టికల్స్‌లో అన్ని ఫోన్లూ తప్పాయి. సున్నా శాతం ఉత్తీర్ణత. ఇంగ్లీషు మాస్టారు ఎండబెట్టిన ఫోను అందరికన్నా ఎక్కువ, రెండున్నర దాకా, నిలిచింది. ఆయన చాలా బాధపడ్డారు.

"సున్నా శాతం అనే మాట నా హయాంలో ఈ జిల్లాకు రాకూడదు" అన్నారు హైమవతి గారు సమీక్షా సమావేశంలో. మోడరేషన్ చేశారు. థియరీ మార్కులూ ప్రాక్టికల్స్ మార్కులూ కలిపి రెండుతో భాగించారు. తొంభై ఆరూ సున్నా కలిస్తే నలభై ఎనిమిది. పాసు మార్కు ముప్పై అయిదు. అందరూ పాసయ్యారు. కానీ పట్టికను ఇంకా లోతుగా పరిశీలించిన కమిటీ, ఆందోళన కలిగించే ఒక వాస్తవాన్ని బయటపెట్టింది. జిల్లాలో దాదాపు సగం ఫోన్లు జిల్లా సగటు కంటే తక్కువలో ఉన్నాయి.

"వచ్చే నెలాఖరుకు జిల్లాలోని ప్రతి ఫోనూ జిల్లా సగటును దాటాలి" అన్నారు హైమవతి గారు.

మస్తాన్‌వలి గారు చేయెత్తారు. "మేడం, అందరూ పెరిగితే సగటు కూడా పైకి పోతుంది కదా మేడం."

"పోనివ్వండి మాస్టారూ. ప్రగతి అంటే అదే."

వెనకబడ్డ ఫోన్లను సి గ్రేడులో పెట్టి, ఉదయం ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా ప్రత్యేక తరగతులు మొదలుపెట్టారు. ఫోన్లను వరసగా చార్జింగ్ పెట్టి, ఎదురుగా ఒక ఉపాధ్యాయుడు కూర్చోవాలి. నా ఫోనుకు నలభై అయిదున్నర. అదీ సి గ్రేడే. గార్డియన్ల సమావేశానికి బావను పిలిచారు. నేను వెనక నిలబడ్డాను.

హైమవతి గారు పట్టికలోంచి తలెత్తారు. "థియరీలో జిల్లాలోనే చివర మీ అభ్యర్థి. ఇంటి దగ్గర శ్రద్ధ ఉండొద్దా అండీ? ఇంట్లో చార్జింగ్ ఎవరు పెడతారు?"

బావ లేచి నిలబడి, తువ్వాలు భుజం మీది నుంచి తీసి చేత్తో పట్టుకున్నాడు.

"మా ఇంట్లోది పెట్టేది తల్లీ. వాడు అన్నం తినేటప్పుడు జేబులోంచి తీసి పెట్టేది."

"మరి ఇప్పుడో?"

"ఇప్పుడు లేదు తల్లీ. ఇప్పుడు నేను పెడతన్నా."

హైమవతి గారు కలం మూత తీశారు. తరవాత "గార్డియన్ శ్రద్ధ" అన్న కాలమ్‌లో "సంతృప్తికరము" అని రాశారు. "కూర్చోండి" అన్నారు.

నెలాఖరుకు సర్టిఫికెట్లు వచ్చాయి. మందపాటి కాగితం మీద, చుట్టూ పూల అంచుతో. "ఈ ఫోను బ్యాటరీ ఆయుష్షు సాధారణమని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది." దానితో పాటు నాలుగో మెమో.

"బ్యాటరీ సాధారణమని రుజువైనందున, పై తేదీన అది అయిపోవుటకు తామే కారకులని తేలినది. శాఖ యాప్‌లు బ్యాటరీని వినియోగించవని వాటి రూపకర్తలు లిఖితపూర్వకముగా తెలియజేసియున్నారు. ఇందుపై తాము చెప్పుకొనునది ఏమైన ఉన్నచో తెలుపవలెను."

జాన్ సుందరం గారు తలుపు దగ్గరగా వేసి వచ్చారు.

"రీవాల్యుయేషన్ పెట్టుకోండి మాస్టారూ. అందరూ పెడుతున్నారు. ఏడు రోజులు గడువుంది."

"వద్దు సార్. సరిగ్గానే వచ్చింది."

"ఏది సరిగ్గా వచ్చింది? ఈ పరీక్షా?"

"పరీక్ష కాదు సార్. ఫలితం."

ఆయన నా మొహం చూసి, ఒక తెల్లకాగితం నా ముందుకు జరిపారు. నేను అక్కడే కూర్చుని జవాబు రాశాను. "పై తేదీన బ్యాటరీ అయిపోవుటకు నేనే కారకుడను." కింద సంతకం, తేదీ. ఈసారి కూడా ఒక్క వాక్యమే సరిపోయింది. ఆ మధ్యాహ్నాన్ని గైర్హాజరుగా రాసుకున్నారు. దాని మీద నాకు అభ్యంతరం లేదు.

ఇంటికి వెళ్ళేసరికి బావ వరండాలో చిక్కుడుకాయలు తుంచుతున్నాడు.

"ఏమొచ్చిందిరా?"

"పాసైంది బావా."

"పాసైందా? అంటే ఫోను మంచిదేనంటన్నారా?"

"మంచిదేనంట."

బావ సర్టిఫికెట్ తీసుకుని, దూరంగా పట్టుకుని చూసి, వెనక్కి తిప్పి చూసి, నా చేతిలో పెట్టాడు. "గుడ్డుకి ఫొటోలు తీసేవాళ్ళకి బ్యాటరీ సంగతేం తెలుసురా. పద, అన్నం తిందువుగాని" అన్నాడు.

పోయిన ఆదివారం బావ పినతల్లి కూతురు వచ్చింది. పెద్దకర్మకు రాలేకపోయానని కాసేపు ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, "ఆఖరికి తమ్ముడితో మాట్లాడిందా అన్నయ్యా?" అని అడిగింది.

"వాడి ఫోను పాతదమ్మా. బ్యాటరీ నిలవదు" అన్నాడు బావ.

నేను ఆమెకు మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళాను.

శాఖకు జవాబు గడువులోపే ఇచ్చేశాను. బావకు ఇంకా చెప్పలేదు.